చైనా వీడియోల మీద పీహెచ్‌డీ చేస్తున్న మేనకోడలికి

చి. బుజ్జికి,

నీ సినాప్సిస్ చదివాను. ‘చైనా ఆన్‌లైన్ వీడియో ప్లాట్‌ఫామ్‌లు, వాటి యూజర్ల ప్రవర్తన’ అని టైటిల్ పెట్టావు. 2023 డిసెంబరు నాటికి చైనాలో షార్ట్ వీడియోలు చూసేవాళ్లే 105 కోట్ల మంది అని అక్కడి ఇంటర్నెట్ సమాచార కేంద్రం లెక్క. అంతమంది ప్రవర్తన గురించి నువ్వొక్కదానివి ఏం తేలుస్తావే? గైడ్ ఓకే అన్నారని రాశావు. గైడ్లు మొదట్లో అన్నిటికీ ఓకే అంటారు, అసలు సంగతి వైవాలో తెలుస్తుంది.

ఒక్క ప్లాట్‌ఫామ్ పట్టుకో. నీకు ఎలాగూ కామెంట్ల మీదే మనసుంది కాబట్టి తెర మీదే కామెంట్లు పరిగెత్తే బిలిబిలి అనే వీడియో సైటు తీసుకుని, మిగతావన్నీ వదిలెయ్. డౌయిన్ (టిక్‌టాక్ కంపెనీవాళ్లదే, చైనాలో వాడే యాప్) చాప్టర్ అసలే వద్దు. 2020 జూన్ 29న నిషేధం వచ్చేదాకా మన దగ్గర అందరూ టిక్‌టాక్ చూసినవాళ్లే. ఆ జ్ఞాపకంతో డౌయిన్ గురించి రాసేస్తున్నారు. కంపెనీ ఒకటే అయినా యాప్‌లు వేరు, అకౌంట్లు వేరు, చూసే జనం వేరు. చెంగ్దూలో కూర్చున్నవాడి ఫోన్‌లో ఉండేది డౌయిన్. క్వైషౌ అనే ఇంకో వీడియో యాప్ పల్లెటూళ్లది, డౌయిన్ సిటీలది అన్న మాట కూడా అలాంటిదే. మొదట్లో కొంత నిజం ఉండేదేమో గానీ, ఇప్పుడు దాన్ని పట్టుకుని థియరీ కట్టకు.

ఇక డాన్‌మూ సంగతి. వీడియో నడుస్తుంటే తెర మీద కుడి నుంచి ఎడమకు పరిగెత్తే ఆ కామెంట్లని నువ్వు ‘లైవ్ చాట్’ అన్నావు. కాదమ్మా. అన్నీ ఒకేసారి వస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, ఒకటి 2016లో పెట్టింది, దాని వెనకాలే వచ్చేది నిన్న రాత్రి పెట్టింది అయ్యుండొచ్చు. జపాన్‌లో నికోనికో అనే వీడియో సైటు వాళ్లు 2006లో మొదలుపెట్టిన పద్ధతి అది. అక్కడి నుంచి చైనా సైటు ఏసీఫన్‌కి, తర్వాత 2009లో పుట్టిన బిలిబిలికి వచ్చింది.

నీ దగ్గరున్న డాన్‌మూల ఎక్స్‌ఎంఎల్ ఫైలు (ఒక్కో లైను ఒక్కో కామెంటు) తెరిచి ఒక్క లైను నిదానంగా చూడు. కామాలతో విడదీసిన అంకెలుంటాయి. మొదటిది ఆ కామెంటు వీడియోలో ఎన్నో సెకనులో రావాలో చెబుతుంది. ఐదోది దాన్ని ఎప్పుడు పంపారో చెబుతుంది, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో. మొదటి అంకెతో గ్రాఫ్ గీసి, ‘ఈ సీన్‌లో ప్రేక్షకుల ఉద్వేగం పెరిగింది’ అని రాసేవాళ్లని చాలామందిని చూశాను. ఆ పెరుగుదల ఒక్కరోజులో వచ్చిందా, ఏళ్ల తరబడి పోగుపడిందా అని ఐదో అంకెని అడగరు. పైగా ఒక్కో వీడియోకి ఇన్ని డాన్‌మూలే నిలవ ఉంటాయని పరిమితి ఉంది. అది నిండితే పాతవి పోతాయి. బాగా ఆడిన వీడియో అయితే నీ చేతికొచ్చేది మిగిలిన ముక్కే అని రాసుకో.

నువ్వు వాడతానన్న క్లీనింగ్ స్క్రిప్ట్ చూసి నవ్వొచ్చింది. అంకెలన్నీ తీసేస్తుందట! అక్కడ 233 అంటే నవ్వు, 666 అంటే శభాష్. అవి ఊడ్చేశాక ‘ప్రేక్షకులు గంభీరంగా స్పందించారు’ అని రిజల్ట్ రాకపోతేనే ఆశ్చర్యం. అందుకే కోడ్ రాయడం కాస్త ఆపి, కొన్నాళ్లు ఊరికే చూడు. హారర్ సినిమాలతో మొదలుపెట్టు. దెయ్యం వచ్చేముందే హెచ్చరికలు మొదలవుతాయి. అది వచ్చే క్షణంలో తెర కనిపించనంతగా కామెంట్లు కప్పేస్తారు, తర్వాత చూసేవాళ్లు జడుసుకోకుండా. ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు చేసే ఈ సాయం, మాటల్లోని భావాన్ని కంప్యూటర్‌తో అంకెల్లో కొలిచే ఏ సెంటిమెంట్ స్కోరుకీ దొరకదు. నీ థీసిస్ అక్కడుంది అనిపిస్తోంది నాకు.

చూసేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరు అన్నది కూడా మర్చిపోకు. బిలిబిలిలో పూర్తి సభ్యత్వం కావాలంటే వంద ప్రశ్నల పరీక్ష ఉండేది, 60 వస్తే పాస్. డాన్‌మూ మర్యాదల మీద కూడా ప్రశ్నలుండేవి. ఆ జల్లెడలోంచి వచ్చినవాళ్ల మాటల్ని ‘చైనా యువత అభిప్రాయం’ అనకు. 2022 ఏప్రిల్ నుంచి వైబో (ట్విట్టర్ లాంటిది), డౌయిన్ లాంటివి యూజర్ ఏ ప్రావిన్స్‌లో ఉన్నాడో చూపిస్తున్నాయి. అదీ అంతే. సిచువాన్ నుంచి కూలికి వెళ్లినవాడు గ్వాంగ్‌డాంగ్‌లో ఉంటే గ్వాంగ్‌డాంగ్ అనే పడుతుంది.

వీడియో మాయమైతే వెంటనే సెన్సార్ అని రాసెయ్యకు. పెట్టినవాళ్లే తీసేసుకోవచ్చు, కాపీరైట్ గొడవ కావచ్చు. ఏ రోజు చూశావో, ఏ రోజుకి లేదో అంతవరకే రాయి.

ఇంటర్వ్యూల దగ్గర నీకు కష్టమే. మన దేశంలో చైనావాళ్ల మెసేజింగ్ యాప్ వీచాట్ కూడా ఆ 2020 జాబితాలోనే పోయింది. విదేశాల్లో చదువుకునే చైనా పిల్లలు ఈజీగా దొరుకుతారు గానీ, వాళ్లు యునాన్‌లో ఇంట్లో కూర్చుని చూసేవాళ్లలాంటివాళ్లు కాదు. అక్కడి యూనివర్సిటీలో తోడుగా పనిచేసేవాళ్లని ఒకరిని వెతుక్కో. దొంగ నంబర్లతో అకౌంట్ తెరిచే ఐడియా మాత్రం వద్దు.

చివరగా ఎథిక్స్ ఫారం. ఫైలులో ఏడోది పంపినవాళ్ల కోడ్, పేరు లేదు కాబట్టి ‘డేటా అనానిమస్’ అని రాశావు. అది యూజర్ నంబరు మీద సీఆర్‌సీ32 అనే లెక్క వేసి చేసిన కోడ్, మామూలు ల్యాప్‌టాప్‌తోనే చాలావరకు వెనక్కి తిప్పి యూజర్ నంబరు రాబట్టొచ్చు. 2021 నవంబరు 1 నుంచి చైనాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. చట్టం లేకపోయినా, సరదాగా రాసిన ఒక్క లైను వల్ల ఎవరికో తంటా రాకూడదు కదా. నీ సొంత కోడ్‌లు వేసుకుని ఆ కాలమ్ తీసెయ్. కామెంట్లని ఉన్నది ఉన్నట్టు కోట్ చెయ్యకు, సెర్చ్‌లో పేస్ట్ చేస్తే మనిషి దొరికిపోతాడు.

ఫారం తిరగరాసి కమిటీకి ఇచ్చేముందు నాకు పంపు. టైటిల్ కూడా.

ఆశీస్సులతో,
అత్తయ్య