ఉప్పాడ కథలతో న్యూఫౌండ్‌ల్యాండ్ వెళ్లే అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన ఆహ్వానపత్రమూ చదివాను. కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌ల్యాండ్ దీవిలో ఒక ప్రైవేటు గ్యాలరీ వాళ్లు మే, జూన్ నెలల్లో తమ ఊరొచ్చి పనిచేసుకోమని పిలవడం సంతోషమే. కథలు రాసి, వాటికి బొమ్మలు కూడా నువ్వే వేసుకునే అలవాటు ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. ఒట్టి కథలు రాసేదానివైతే గ్యాలరీ వాళ్ల కంట పడేదానివి కాదు. "వెళ్లమంటారా మాస్టారూ, వెళితే అక్కడ ఏం రాయమంటారు?" అని అడిగావు. వెళ్లు. రెండో ప్రశ్నకు జవాబు కాస్త పెద్దది. దానికి ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి. కథల గురించి అడిగితే ఈయన డబ్బు పురాణం ఎత్తుకున్నాడేమిటి అనుకోకు. ఒకరి పంచన ఉండి రాసేటప్పుడు వాళ్లకు మనం ఏం బాకీపడ్డామో తెలియకపోతే ఆ బెంగే సగం పొద్దు మింగేస్తుంది.

పిలిచింది ఎవరన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. అదే రాష్ట్రంలో ఫోగో అనే దీవి ఉంది. ఆ దీవిలో పుట్టి, ఫైబర్ ఆప్టిక్స్ వ్యాపారంలో సంపాదించి, తిరిగొచ్చిన జీటా కాబ్ అనే ఆవిడ అక్కడ షోర్‌ఫాస్ట్ అనే ధర్మసంస్థ పెట్టింది. టాడ్ సాండర్స్ అనే ఆర్కిటెక్టు సముద్రపొడ్డు బండల మీద కట్టిన స్టూడియోల్లో దేశదేశాల కళాకారులు వచ్చి ఉంటారు. కెనడాలోనే సస్కాచవాన్ అనే ఇంకో రాష్ట్రంలో ఈస్టెండ్ అనే చిన్న ఊరుంది. ఒక రచయిత చిన్నతనం గడిపిన ఇంటిని అక్కడి కళాసంఘం వాళ్లే కాపాడి, రాసుకునేవాళ్లకు అద్దెకిస్తారు. ఇక న్యూఫౌండ్‌ల్యాండ్ రాజధాని సెయింట్ జాన్స్‌కి ఉత్తరాన పూచ్ కోవ్ అనే ఊళ్లో జేమ్స్ బైర్డ్ అనే గ్యాలరీ యజమాని ఏళ్ల తరబడి చిత్రకారులకు చోటిస్తున్నాడు. నీకొచ్చిన పిలుపు ఈ మూడో రకం.

గ్యాలరీ అంటే బొమ్మలమ్మే కొట్టు. చులకనగా అనడం లేదు. ఆ కొట్టు యజమాని నీకు గది ఇస్తున్నాడంటే నీ పని ఆయనకు నచ్చింది, రేపు అమ్ముడుపోతుందన్న ఆశా ఉంది. ఈ రెండూ ఒక మనిషిలో నిజాయితీగానే ఉంటాయి. మన తుమ్మపూడిలో రచయితా చిత్రకారుడూ అయిన సంజీవదేవ్ గారింటికి ఎక్కడెక్కడి రచయితలూ చిత్రకారులూ వచ్చి వెళ్లేవాళ్లు. అది ఇల్లు, కొట్టు కాదు. అలాంటి ఇళ్ల కథలు వింటూ పెరిగినవాళ్లం కాబట్టి, అన్నం పెట్టేవాణ్ణి లెక్కలడగడం మర్యాద కాదనిపిస్తుంది మనకు. కెనడాలో అడగడమే మర్యాద, అడగకపోతే వాళ్లే ఇబ్బందిపడతారు.

ఆ మర్యాద అక్కడా ఊరికే రాలేదు. అనుమతి అడక్కుండా, పైసా ఇవ్వకుండా బొమ్మల నకళ్లు తీసుకోవడం కుదరదని జాక్ ఛాంబర్స్ అనే చిత్రకారుడు అడ్డం తిరిగాడు. ఒంటారియోలోని లండన్ అనే ఊళ్లో 1968లో తోటివాళ్లను కూడగట్టి కార్‌ఫాక్ అనే సంఘం పెట్టాడు. ఏ పనికి కళాకారులకు కనీసం ఎంత ఇవ్వాలో ఆ సంఘం నేటికీ పట్టిక వేస్తుంది. వెళ్లేముందు ఆ పట్టిక చూడు. వాళ్ల పోరాటం వల్లే కాపీరైట్ చట్టంలోకి ప్రదర్శన హక్కు వచ్చింది. 1988 జూన్ 7 తర్వాత చేసిన బొమ్మను జనానికి చూపించడానికి ప్రదర్శనలో పెడితే, చేసినవాళ్ల అనుమతి కావాలి, రుసుము అడగొచ్చు. అయితే అమ్మకానికో అద్దెకో పెట్టిన ప్రదర్శనకు ఇది వర్తించదు. నువ్వు వెళ్లేది సరిగ్గా అలాంటి గోడ దగ్గరికే. మ్యూజియంలో వేలాడితే రుసుము, గ్యాలరీలో వేలాడితే అమ్మకంలో వాటా. ఆ వాటా సాధారణంగా చెరిసగం.

కాబట్టి ఆహ్వానానికి కృతజ్ఞతలు చెబుతూనే ఈ సంగతులు అడిగి రాయి. విమానం ఖర్చు ఎవరిది, గదికీ స్టూడియోకీ ఏమైనా కట్టాలా. వెళ్లేటప్పుడు ఒక బొమ్మ వదిలి వెళ్లాలా, వెళ్లాలంటే అది ఎవరు ఎంచుతారు. (నువ్వే ఎంచుతానని రాయి. ఇది గట్టిగా చెబుతున్నాను.) అక్కడ వేసినవి అమ్మితే ఎవరికి ఎంత, డబ్బు ఎన్నాళ్లలో ఇస్తారు, అమ్ముడుపోనివి వెనక్కి పంపే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, నీ కథకు నువ్వేసిన బొమ్మను వాళ్లు అమ్మినా, రేపు పుస్తకంలో ఆ బొమ్మను అచ్చువేసుకునే హక్కు నీదగ్గరే ఉండాలి. కాగితం అమ్మడం వేరు, హక్కు రాసివ్వడం వేరు. ప్రతి బొమ్మనూ అమ్మకానికి ఇచ్చేముందే మంచి స్కాన్ తీసి దాచుకో.

టొరంటోలో ఈటన్ సెంటర్ అనే పెద్ద మాల్ ఉంది. మైకేల్ స్నో అనే కళాకారుడు చేసిన 60 పెద్దబాతులు అక్కడ పైకప్పు కింద బారులుతీరి ఎగురుతున్నట్టు వేలాడుతుంటాయి. ఒక క్రిస్మస్‌కి మాల్ వాళ్లు ముచ్చటపడి వాటి మెడలకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. స్నో కోర్టుకెక్కాడు. డబ్బు పెట్టి కొనుక్కున్నాం కదా అన్నది వాళ్ల ధీమా. 1982లో రిబ్బన్లు తీసెయ్యమని తీర్పొచ్చింది. కొన్నవాళ్లకు కూడా ఆ పని పరువు చెడేలా మార్పులు చేసే హక్కు రాదని దాని సారం. నీ బొమ్మకు రిబ్బను కట్టే పరిస్థితి రాకపోవచ్చు. కానీ నీ కథను "తూర్పుదేశపు సముద్రగాథ" అని అట్టమీద వేసి అమ్మబోతే వద్దనే ధైర్యం ఉండాలి కదా, దానికోసం చెప్పాను.

ఈ జవాబులన్నీ ఒక కాగితం మీదకి వచ్చాక ఇక డబ్బు మాట మర్చిపో.

ఇప్పుడు ఏం రాయాలన్నది. మీ ఉప్పాడ తీరంలోని మాయాపట్నం మీద నువ్వు రాస్తున్న కథ సగంలో ఆగి ఉంది. సముద్రం ఇళ్లు కోసుకుపోయే కథ. దాన్నే తీసుకెళ్లి అక్కడ పూర్తిచెయ్యి. కొత్త ఊరు చూస్తూ పాత కథ రాయడమేమిటి, ఆ ఊరి గురించి రాయకపోతే పిలిచినందుకు ఫలితమేముంది అని నీకు అనిపిస్తుంది. గ్యాలరీ వాళ్లకూ అనిపించొచ్చు. అక్కడి సముద్రం చాలా అందంగా ఉంటుంది, అదే చిక్కు. గ్రీన్‌ల్యాండ్ నుంచి విరిగొచ్చిన మంచుకొండలు ఆ రోజుల్లో కిటికీలోంచి కనిపించొచ్చు. లాబ్రడార్ చల్లటి ప్రవాహమూ గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చటి నీళ్లూ కలిసేచోట పుట్టిన పొగమంచు పూటపూటకీ ఊరిని మింగుతుంది. మొదటి పదిరోజులు ఎవరైనా ఫొటోలే తీస్తారు. తియ్యి. తర్వాత ఫోను సొరుగులో పెట్టి కూర్చో.

ఆ అందం వెనక ఉన్నది నీకు బాగా తెలిసిన సంగతే కాబట్టి చెబుతున్నాను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట ఆపితేనే మీ వీధిలో అప్పులు ఎలా పెరుగుతాయో నువ్వే రాశావు. అక్కడ 1992 జూలై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ కాడ్ చేపల వేట ఆపేశాడు. రెండేళ్లన్నారు. ఉత్తరపు కాడ్ అని పిలిచే ఆ చేపల మీద నిషేధం ఎత్తివేసింది 2024లో. పెద్ద ట్రాలర్లు 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నుల దాకా తోడేసిన చేప అది, ఇక మునుపటిలా కోలుకోలేదు. ఇంచుమించు 30,000 మందికి పని పోయింది. దానికి ముందే, 1954 నుంచి 1975 వరకు, రోడ్లూ ఆసుపత్రులూ అందించలేమని ప్రభుత్వం 300 దాకా రేవుపల్లెలను ఖాళీ చేయించింది. కొందరు తమ ఇళ్లను పీపాలు కట్టి నీళ్ల మీద తేలించుకుంటూ పడవలతో లాక్కెళ్లారు. వెస్లీవిల్‌లో పుట్టిన డేవిడ్ బ్లాక్‌వుడ్ (1941–2022) తన ఎచింగులలో (లోహపు రేకు మీద గీసి తీసే అచ్చుబొమ్మలు) ఆ పల్లెల బతుకునే జీవితమంతా చెక్కాడు. సెయింట్ జాన్స్‌లో దొరికితే చూడు. నీ బొమ్మలకు నేనిచ్చే ఏ సలహా కన్నా ఆ నలుపూ నీలమూ ఎక్కువ పనికొస్తాయి.

ఇళ్లను సముద్రం మీద లాక్కెళ్లిన మనుషుల పక్కన కూర్చుని, సముద్రం లాక్కుపోయిన ఇళ్ల కథ రాయడం నీకు దొరికిన అదృష్టం. వాళ్ల కథ వాళ్లలో రాసేవాళ్లకు వదిలెయ్యి. నువ్వు నెలా రెండు నెలల్లో రాస్తే అది ఖాళీ పడవల వర్ణనగా తేలుతుంది. మీ ఊరొచ్చి రెండు రోజులుండి "కన్నీటి కెరటాలు" అని వ్యాసాలు రాసినవాళ్ల మీద నీకెంత మంటో నాకు తెలుసు.

ఇంకొకటి. ఆ కొండలూ అడవులూ చూసి మనుషులు అడుగుపెట్టని నేల అని రాయకు. అక్కడ బియోథుక్ అనే ఆదివాసీ జనం ఉండేవాళ్లు. వాళ్లలో ఆఖరి మనిషిగా నమోదైన షానాడిథిట్ 1829లో సెయింట్ జాన్స్‌లో క్షయతో చనిపోయింది. అంతకుముందు చలికాలంలో ఆమె కాగితాల మీద పటాలు గీసింది. తనవాళ్లు ఎక్కడ బతికారో, తెల్లవాళ్లు ఎటునుంచి వచ్చి ఎవరిని పట్టుకుపోయారో గీతల్లో పెట్టింది. ఆ బొమ్మలు మిగిలాయి. మిక్‌మా అనే ఇంకో ఆదివాసీ ప్రజలు ఇప్పటికీ ఆ దీవిలో ఉన్నారు. ఒకరు పిలిచి గది ఇచ్చారని ఆ నేల చరిత్ర మనకు ఖాళీ అయిపోదు.

ఊరివాళ్లతో కలువు. టీకి పిలుస్తారు, వెళ్లు. వల అల్లేవాడు కనిపిస్తే మీ నాన్న వల ఎలా అల్లుతాడో చూపించు, మాటలు వాటంతటవే వస్తాయి. వాళ్లు చెప్పింది ఎక్కడైనా రాయాలనుకుంటే ముందు వాళ్లను అడుగు. చివర్లో స్టూడియో తలుపులు తెరిచి ఊరివాళ్లకు చూపించమంటారు, నాలుగు మాటలు మాట్లాడమంటారు. దానికి కథలోంచి మూడు పేజీలు ఇంగ్లీషులో ఇక్కడే సిద్ధం చేసుకో, కానీ ముందు ఒక పేరా తెలుగులో చదువు. వాళ్లు వింటారు.

మిగతావి చిన్నవి. జూన్‌లో కూడా మధ్యాహ్నం పదిహేను, పదహారు డిగ్రీలే, ఆ పైన గాలి. స్వెట్టరు ఒకటి చాలదు. ఊళ్లో బస్సు ఉంటుందని లెక్కవేసుకోకు, సరుకులకు వారానికోసారి ఎవరు తీసుకెళతారో ముందే కనుక్కో. బియ్యం, పప్పు సెయింట్ జాన్స్‌లో దొరుకుతాయి. అక్కడి గడియారం కూడా మనలాగే అరగంట తేడాతో నడుస్తుంది కాబట్టి వేసవిలో మనకీ వాళ్లకీ సరిగ్గా ఎనిమిది గంటలు. రాత్రి ఎనిమిదింటికి నువ్వు ఫోన్ చేస్తే ఇక్కడ తెల్లవారుజామున నాలుగు, వేట ఉన్న రోజుల్లో మీ నాన్న బోటు దగ్గరికి బయల్దేరే వేళ.

వీసాకు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85, ఆ వేలిముద్రలకు హైదరాబాద్ వెళ్లాలి. ఆహ్వానపత్రంలో తేదీలు, ఖర్చు ఎవరిదన్న మాట స్పష్టంగా లేవు, వీసా ఆఫీసులో అదే అడుగుతారు. కొత్త పత్రం రాయించుకుని, వాళ్ల జవాబులతో కలిపి నాకు పంపు. సంతకం పెట్టే ముందు ఇద్దరం కలిసి ఒకసారి చదువుదాం.

నీ మాస్టారు