పోపుల డబ్బా ఎక్కడిదక్కడ పెట్టి రండి

రాజమండ్రి
అక్టోబర్ 16

చిరంజీవి తమ్ముడికి, చి.సౌ. మరదలికి అక్క ఆశీస్సులు.

నిన్న వీడియోలో మీ వెనకాల గోడకి చేర్చి నాలుగు సూట్‌కేసులు కనిపించాయి. ప్రయాణం ఇంకా మూడు వారాలుంది, అప్పుడే తెరిచి పెట్టేశారు. నువ్వు నాతో మాట్లాడుతూనే బాదం పప్పు ఎందులో సర్దాలా అని అటే చూస్తున్నావు. మరదలైతే పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. ఏం చేస్తున్నావమ్మాయ్ అంటే, కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, వీళ్ళకి ఏడాదికి సరిపడా చేసి పెట్టేస్తున్నా వదినా అంది. ఆ మాట విన్నాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో చెబితే "సరే అక్కా" అంటావు, పెట్టేయగానే మర్చిపోతావు.

మే నెలలో మీరు అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్ళేటప్పుడు సలహాలివ్వడానికి చుట్టాలంతా కాకినాడలో దిగారు. తిరిగొచ్చేటప్పటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం నాలుగుసార్లు వెళ్ళాం. అందులో రెండుసార్లు సరిగ్గా బయల్దేరడం చేతకాక, మేమూ ఏడ్చి వాళ్ళనీ ఏడిపించి వచ్చాం.

ముందు తారీఖు సంగతి. పాస్‌పోర్టులో వీసా పదేళ్ళకుంది కదా అని ధీమాగా ఉండకు. ఆ వీసా గుమ్మం దాకా రావడానికి మాత్రమే. లోపల ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఐ-94. దిగిన రోజున ఆఫీసరు ఇచ్చిన గడువు అందులో ఉంటుంది. అబ్బాయి చేత వెబ్‌సైట్‌లో ఇద్దరిదీ విడివిడిగా తీయించి, నీ కళ్ళతో చూసుకో. ఆరు నెలలు వేళ్ళమీద లెక్కపెట్టుకోవడం కాదు, అందులో ఏ తేదీ ఉంటే అదే. ఒక్క రోజు దాటినా ఆ పదేళ్ళ వీసా చెల్లకుండా పోతుంది. మీ గడువు నవంబర్ 14 అన్నావు, టికెట్ 6కి ఉంది. మధ్యలో ఉన్న ఆ ఎనిమిది రోజుల్ని కదపకు. "ఇంకో వారం ఉండండి మావయ్యా" అని కోడలు పిల్ల ప్రేమగానే అంటుంది. కానీ ఏ తుఫానుకో విమానం రద్దయితే ఆ వారమే మీకు దిక్కు.

గడువు పెంచమని అడగడానికి ఐ-539 అని ఒక ఫారం ఉంది, గడువు దాటకముందే పెట్టాలి. 2020లో మేం పెట్టాం. కరోనా వచ్చి మార్చి 22 నుంచి మన దేశానికి విమానాలు ఆపేశారు, మా గడువేమో ఏప్రిల్‌లో అయిపోతోంది. చివరికి మన ప్రభుత్వం వేసిన వందే భారత్ మిషన్ విమానాలు మొదలయ్యాక జూన్‌లో వచ్చాం. అలాంటి ఆపద వచ్చినప్పుడు పెట్టే కాగితం అది. మనవడి పుట్టినరోజు చూసి వెళ్దామని పెట్టేది కాదని నా అభిప్రాయం. ఇంకోటి, అక్కడినుంచి బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. వేయలేదే అని కౌంటర్ల వెంట తిరక్కు. బోర్డింగ్ పాసు ముక్కలు మాత్రం ఇంటికి తెచ్చి దాచు.

సామాన్ల గురించి నువ్వు నాకంటే ఎక్కువ ఆలోచిస్తున్నావు కాబట్టి తొందరగా ముగిస్తాను. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. టికెట్ మీద ఓసారి సరిచూసుకో. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. బీపీ, షుగరు మాత్రలు కూడా చేతి సంచిలోనే, రెండు రోజులు ఎక్కువకి పెట్టుకోండి. చుట్టాలు "ఒక్క ఫోనే కదా" అని పురమాయించినవి తేవద్దు. డబ్బాతో ఉన్న కొత్త ఫోన్లు రెండు మూడు బయటపడితే కస్టమ్స్ వాళ్ళకి జవాబు చెప్పేది నువ్వు, వాళ్ళు కాదు. బంగారం కొంటానని మరదలు అంటోందట. ఆడవాళ్ళకి ఇంత, మగవాళ్ళకి ఇంత అని నగల మీద సుంకం లేకుండా వదిలేది ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్ళకి. ఆరు నెలల వాళ్ళకి అది వర్తించదు. మన వీధిలో బంగారం కొట్లు లేకనా!

ఇంటి తాళంచెవులు ఎక్కడున్నాయో చూశావా? నవ్వకు. 2014లో మేం వాటిని పెద్ద పెట్టెలో అడుగున పెట్టాం. మేం దిగాం, పెట్టె దిగలేదు. రెండు రోజులు సొంత ఇంటి ముందు, ఎదురింటి వాళ్ళ గదిలో పడుకున్నాం. మీ బావగారు అప్పట్నుంచీ తాళాలు మొలతాడుకి కట్టుకుంటానంటారు.

ఇక అసలు సంగతి. అమ్మాయ్, ఇది ఎక్కువగా నీకే రాస్తున్నాను.

ఆరు నెలలుగా ఆ ఇల్లు నీ చేతిమీద నడుస్తోంది. పొద్దున్నే డబ్బాలు కట్టడం, బుడ్డోడికి తినిపించడం, సాయంత్రం బస్సు దగ్గరికి వెళ్ళి తీసుకురావడం, రాత్రి కథ చెప్పి పడుకోబెట్టడం. 6వ తేదీ సాయంత్రం మీరు విమానం ఎక్కుతారు, 7వ తేదీ పొద్దున ఆ పనులన్నీ ఒక్కసారిగా కోడలి మీద పడతాయి. ఆ పిల్ల ఉద్యోగం చేసుకుంటూ, వాడి ఏడుపు భరిస్తూ, వాటిని మళ్ళీ అలవాటు చేసుకోవాలి. మా అమ్మాయి ఓసారి చెప్పింది: "నువ్వు వెళ్ళిన మొదటి వారం నాకు బెంగ పెట్టుకోవడానికి కూడా టైం లేదమ్మా." ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఫ్రీజర్ నిండా నేను చేసిపెట్టిన పొడులూ కూరలూ ఉన్నాయి. ఏడాది తర్వాత వెళితే అందులో సగం మంచు కట్టి అక్కడే ఉన్నాయి.

అందుకే ఈ మూడు వారాల్లో పనులు ఒక్కొక్కటే వదులు. ఈ వారం రాత్రి పడుకోబెట్టడం వాళ్ళ నాన్నకి వదిలెయ్. మొదటి రెండు రోజులూ వాడు నానమ్మే కావాలని గొడవ చేస్తాడు. చెయ్యనీ, నువ్వు పక్క గదిలో ఉండగానే చెయ్యనీ. వచ్చే వారం అన్నం తినిపించడం ఆపు. నాలుగేళ్ళవాడు, స్కూల్లో తనే తింటున్నాడు కదా, ఇంట్లో నీ చేతి ముద్దలు ఎందుకంటే నీకు ఇష్టం కాబట్టి. చివరి వారం వంటిల్లు కోడలికి అప్పగించు. పొడులు రెండు చిన్న సీసాలు చాలు. అన్నట్టు, నువ్వు వెళ్ళిన రెండో రోజే పోపుల డబ్బా పొయ్యి పక్కకి మార్చానని గొప్పగా చెప్పావు, గుర్తుందా? అది ముందు ఎక్కడుండేదో అక్కడ పెట్టెయ్. గిన్నెలు, గరిటెలు, పప్పుల డబ్బాలు, అన్నీ ఆ పిల్ల సర్దుకున్నట్టే పెట్టు. తను ఆరు నెలలుగా ఒక్క మాట అనలేదు. అనలేదంటే ఇబ్బంది లేదని కాదమ్మాయ్. నేనూ నీలాగే మార్చాను, తర్వాత మా కోడలు అట్లకాడ కోసం మూడు సొరుగులు వెతకడం వీడియోలో చూశాను.

పిల్లాడికి చెప్పకుండా మాత్రం రావద్దు. 2014లో ఎడిసన్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో మనవరాలికి మూడేళ్ళు. నిద్రపోయాక బయల్దేరితే ఏడవదని అల్లుడుగారు అన్నారు, మాకూ అదే నయమనిపించింది. దొంగల్లా చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాం. ఆ పిల్ల పొద్దున లేచి మా గదిలోకి వెళ్ళి, మంచం కింద చూసి, బాత్రూంలో చూసి, గుమ్మంలో కూర్చుందట. చాలా రోజులు రోజూ అదే పని. వీడియోలో మేం పిలిస్తే మొహం తిప్పేసుకునేది. ఇప్పుడది హైస్కూలుకి వచ్చింది, దానికేమీ గుర్తులేదు. నాకు మాత్రం ఆ చెప్పులు చేత్తో పట్టుకోవడం గుర్తొస్తుంది.

వాడి కళ్ళ ఎదురుగా క్యాలెండర్ మీద విమానం బొమ్మ వేసి పెట్టండి. రోజుకొకటి వాడి చేతే కొట్టేయించండి. 31న హాలోవీన్‌కి వేషం వేసుకుని వీధిలో తిరుగుతాడు, ఆ తర్వాత ఎన్ని గళ్ళు మిగిలాయో వాడే లెక్కపెడతాడు. ఒక చిన్న సంచి వాడినే సర్దమనండి, ఏం పెట్టినా తీయకండి. ఎయిర్‌పోర్ట్‌కి తీసుకురండి. అక్కడ ఏడుస్తాడు, ఏడవనివ్వండి. "ఏడిస్తే మళ్ళీ రాను" లాంటి మాటలు పొరపాటున కూడా అనకు తమ్ముడూ, నీకా అలవాటుంది. ఎప్పుడు మాట్లాడతారో కూడా ముందే చెప్పండి. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత వాడికి రాత్రి ఏడున్నర అయితే మనకి మర్నాడు పొద్దున ఏడు. వాడు పాలు తాగే వేళ, మీరు కాఫీ తాగే వేళ. ఆ టైం ఖాయం చేసుకోండి.

నీకు తమ్ముడూ, షాపులకి తిరగడం తగ్గించు. ఆ డైనోసార్ అస్థిపంజరం ఉన్న లైబ్రరీకి వాణ్ణి తీసుకెళ్తున్నావు కదా, ఇంకో నాలుగుసార్లు తీసుకెళ్ళు. తెచ్చుకున్న పుస్తకాలు తిరిగిచ్చెయ్, అబ్బాయి కార్డు మీద తెచ్చినవి. చెరువు దగ్గర రోజూ నీతో నడిచే పెద్దమనుషులకి చెప్పి రా. అక్కడి స్నేహాలు చిత్రమైనవి, ఆరు నెలలు అన్నదమ్ముల్లా ఉంటారు, ఫోన్ నంబరు కూడా తీసుకోరు. అబ్బాయి మీకోసం ఎంత ఖర్చు పెట్టాడో లెక్కలు తీయకు. చివరి రోజు కవర్లో డాలర్లు పెట్టి వాడి జేబులో కుక్కే ప్రయత్నం మీ బావగారు చేశారు, తండ్రీ కొడుకులు ఎయిర్‌పోర్ట్‌లోనే పోట్లాడుకున్నారు. ఇల్లు కొనాలా వద్దా, రెండో బిడ్డ ఎప్పుడు, ఇలాంటివి ఆఖరి రెండు రోజుల్లో ఎత్తొద్దు. ఆరు నెలల్లో అడగనిది కారెక్కే ముందు అడిగితే వాళ్ళకి అదొక్కటే మిగిలిపోతుంది.

ప్రయాణంలో వీల్‌చైర్ మరదలికి చెప్పించు, కనీసం రెండు రోజుల ముందు. తనకి మోకాళ్ళు బాగాలేవు, దోహాలో విమానం మారాలి. నీకు వద్దు. రోజూ నాలుగు మైళ్ళు నడుస్తున్నానని మే నెల నుంచీ మా అందరి చెవులూ చిల్లులు పొడిచావు. వీల్‌చైర్ తోసే వాళ్ళకి పాస్‌పోర్టు ఇచ్చి వదిలేయకండి, పని అవగానే తీసుకోండి. డాలస్ నుంచి దోహాకి పధ్నాలుగు, పదిహేను గంటలు. గంటా రెండు గంటలకోసారి లేచి నడవండి, నీళ్ళు తాగండి. షుగరు మందు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయల్దేరే ముందే మన డాక్టరుని అడుగు, ఊహించి వేసుకోవద్దు.

శంషాబాద్‌లో దిగిన రోజే రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతామని అంటున్నావు. అది మార్చుకో. విమానం ఆలస్యమైతే రైలు పోతుంది, పెట్టెలతో స్టేషన్లో నిలబడాలి. ఒక రాత్రి హైదరాబాద్‌లో పడుకుని, మర్నాడు రాత్రి ఎక్కండి. తిరిగొచ్చాక నిద్ర పట్టదు. రాత్రి రెండింటికి లేచి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడే ఎక్కువ రోజులు పడుతుంది. పొద్దున ఎండలో కూర్చోండి, మధ్యాహ్నం మాత్రం మంచం ఎక్కొద్దు.

ఇంటి గురించి బెంగ వద్దు. వచ్చే ఆదివారం నేను కాకినాడ వెళ్ళి పనిమనిషి చేత కిటికీలు తీయించి, తుడిపిస్తాను. వానలకి బీరువాలో బట్టలు బూజు పట్టి ఉంటాయి. ట్యాంకులో పాత నీళ్ళు వదిలేసి కడిగిస్తాను. బోరు మోటారు ఆరు నెలలు తిప్పలేదు, పట్టేసి ఉంటే మెకానిక్‌ని పిలుస్తాను. నీ స్కూటర్ బ్యాటరీ మీద నాకు ఆశ లేదు. వచ్చాక నువ్వు చేయాల్సింది పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం, నవంబర్‌లోనే. ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి కూడా ఇవ్వొచ్చు. నీ ఇండియా సిమ్ రీచార్జి చేస్తున్నావా? మాది ఓసారి వేరే ఎవరికో వెళ్ళిపోయింది, బ్యాంకు ఓటీపీలన్నీ ఆయనకే. ఈరోజే చూడు.

మొదటి పది రోజులూ ఆ ఇంట్లో మీ ఇద్దరి మాటలే మీకు వినిపిస్తాయి. మరదలు టీవీ పెట్టి చూడకుండా కూర్చుంటుంది. నువ్వేమో "అక్కడైతే హారన్ ఎవరూ కొట్టరు" అని పాలవాడితో సహా అందరికీ చెబుతావు. నెల తర్వాత చెప్పు, అప్పటిదాకా ఓపిక పట్టు. అక్కడ ఆరు నెలలూ తనకి వంటిల్లు, నీకు చెరువు గట్టు, ఇద్దరూ కలిసి కూర్చున్నది తక్కువ. కార్తీకం దాటకుండా ఇద్దరే అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకు రండి. మమ్మల్ని పిలవక్కర్లేదు.

గౌతమిలో కోచ్ నంబరు ముందే మెసేజ్ పెట్టు. తెల్లవారుజామున రాజమండ్రిలో ఆగుతుంది, మీ బావగారూ నేనూ ప్లాట్‌ఫారం మీద ఉంటాం. క్యారియర్‌లో పప్పుచారు, దొండకాయ వేపుడు, అన్నం పెడతాను. పైగిన్నెలో పెరుగుంటుంది. అంతా తినేయకండి, సాయంత్రం పాలకి తోడు కావాలి.

మీ అక్క