జనగణన ఎక్సెల్‌ని సీఎస్వీ చేస్తే తెలుగువాళ్ల లెక్క ఎందుకు తప్పుతోంది?

బెంగళూరులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లెందరో చూద్దామని 2011 జనగణన సీ-16 పట్టికను (మాతృభాషల వారీ జనాభా) సీఎస్వీ, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు, చేశారు. కోడ్ల ముందు సున్నాలు ఎగిరిపోయాయి, కూడితే జిల్లా జనాభాని మించి వస్తోంది. ఇదేగా మీ గోల? ఫార్మాట్ మార్చడంలో తప్పేం లేదండీ, ముందూ వెనకా చేసిన పనుల్లో ఉంది.

సున్నాలు పోయేది మార్చినప్పుడు కాదు, ఆ సీఎస్వీని డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు. ఎక్సెల్ 09ని అంకె అనుకుని 9 చేస్తుంది, అలాగే సేవ్ కొట్టారా, ఇక అంతే. కర్ణాటక కోడ్ 29, బెంగళూరు జిల్లా 572, చెన్నై 603 కాబట్టి రాష్ట్రం, జిల్లా కోడ్లు చూసే ఇక్కడివాళ్లకి ఈ రోగం చాన్నాళ్లు కనబడదు. ఉత్తరప్రదేశ్ 09 దగ్గరో, సున్నాతో మొదలయ్యే మాతృభాష కోడ్ల దగ్గరో బయటపడుతుంది. డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ’తో తెచ్చుకుని, టైప్ డిటెక్షన్‌లో ‘డు నాట్ డిటెక్ట్’ పెట్టండి. అప్పుడు హెడర్ కూడా మామూలు వరసైపోతుంది, ‘యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్’ నొక్కాలి.

పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ వాడేవాళ్లు అన్ని కాలమ్‌లనీ స్ట్రింగ్‌గా (అక్షరాలుగా) చదివి, జనసంఖ్య కాలమ్‌లని మాత్రమే తర్వాత అంకెలుగా మార్చాలి. ఎక్సెల్ ఫైలునే నేరుగా చదవాలంటే పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ లైబ్రరీ, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌కి ఓపెన్‌పైఎక్సెల్. ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ 2.0 నుంచి కొత్త ఫార్మాట్‌ని ముట్టుకోదు.

అసలు తలనొప్పి హెడర్లది. ఇవి కాగితం మీద అచ్చు వేయడానికి గీసిన పట్టికలు. పైన టోటల్, రూరల్, అర్బన్ అని కలిపేసిన గళ్లు, ఒక్కోదాని కింద పర్సన్స్, మేల్స్, ఫీమేల్స్. కింది వరసనే హెడర్‌గా తీసుకుంటే పర్సన్స్ మూడుసార్లు వస్తుంది, ఏది పల్లె, ఏది పట్నం? ఆ వరసలన్నీ తీసేసి, ఈ తొమ్మిది జనసంఖ్య కాలమ్‌లతో సహా అన్నిటికీ మీరే పేర్లు పెట్టుకోండి.

ఇక మొత్తం పెరగడం. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్న తెలుగు వరస భాషా సమూహం మొత్తం. దాని కిందే తెలుగు, వడరి, ఇతరాలు విడివిడిగా మళ్లీ వస్తాయి. రెండూ కలిపితే రెట్టింపు కాక ఏమవుతుంది? పైగా జిల్లా వరస, దాని తాలూకాల వరసలు ఒకే ఫైల్లో ఉంటాయి. జిల్లా 572, సబ్-డిస్ట్రిక్ట్ కోడ్ అన్నీ సున్నాలున్నవి, అందులోనూ సమూహం వరసలే ఉంచి కూడండి. అన్ని భాషలూ కలిపి జిల్లా జనాభా 96,21,551 రావాలి. రాకపోతే ఇంకెక్కడో వడపోత జారింది.

అన్నట్టు, లంబాడీ ఈ పట్టికలో హిందీ సమూహం కింద ఉంటుంది. సమూహాలు మాత్రమే ఉంచితే తండాల భాష హిందీలో కలిసిపోతుంది. ఈ వర్గీకరణ ఏ తండావాళ్లని అడిగి చేశారో మరి! మీకు ఆ లెక్కా కావాలంటే సమూహాలు వదిలేసి కింది వరసలే పట్టుకోండి.

వేరే డేటాతో జోడించేటప్పుడు ఊరి పేరుని నమ్మకండి. ఫైల్లో ఇంకా ‘బ్యాంగలోర్’ అనే ఉంటుంది, పేరు మారింది 2014 నవంబరులో. హైదరాబాద్ 28లోనే, అంటే ఆంధ్రప్రదేశ్ కిందే దొరుకుతుంది. కోడ్‌తో కలపండి. 2001 ఫైలుతో మాత్రం అదీ కుదరదు: 2011లో జిల్లా కోడ్లు దేశమంతా వరుసగా 640 దాకా వెళ్లాయి, 2001లో ప్రతి రాష్ట్రానికీ 01 నుంచి మొదలయ్యాయి. దానికి చేత్తో ఒక పోలిక పట్టిక రాసుకోవాల్సిందే.