మూడో పుటలో ఒక మాట

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. నీకు రాయగల చెయ్యి ఉంది. అయితే మూడో పుట దగ్గర ఆగిపోయాను. "కొబ్బరి తోటలకీ సముద్రానికీ మధ్య ఖాళీగా పడి ఉన్న చిత్తడి నేలలు" అని రాశావు. ఆ "ఖాళీగా" చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. మర్నాటికి కూడా నా కోపం చల్లారలేదు. అందుకే ఈ ఉత్తరం.

రాతి ముక్కలు పేర్చిన మొజాయిక్‌నీ, ఆకాశం నుంచి చూసిన నేలనీ పక్కపక్కన పెట్టావు. పెట్టవలసిన పోలికే. జర్మనీ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ ట్రోల్ 1939లో లాండ్‌స్కేప్ ఎకాలజీ అని, నేల ముక్కల మధ్య సంబంధాలు చదివే శాస్త్రానికి పేరు పెట్టింది విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలు చూసే. ఆ తర్వాత 1986లో ఫోర్మన్, గోద్రాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేలని ప్యాచ్, కారిడార్, మ్యాట్రిక్స్ అని మూడు మాటల్లో చెప్పారు. నువ్వు మూడోదాన్ని "మాత్రిక" చేశావు. మాత్రిక ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలోది. అది చదివినవాడికి అడ్డు వరసలూ నిలువు వరసలూ గుర్తుకొస్తాయి తప్ప నేల కనిపించదు. ఆ శాస్త్రంలో దాని అర్థం వేరు. అన్నిటికన్నా ఎక్కువగా పరుచుకుని, మిగతావాటిని తన ఒడిలో పెట్టుకున్న నేల అది. నాగావళి పల్లంలో అది వరి పొలం. దాన్ని పరపు అను. తునక, నడవ, పరపు అని రాస్తే మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా అర్థమవుతుంది.

మొజాయిక్ రోమన్లతో మొదలైందన్నావు. అదీ కాదు. ఇప్పటి ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో 5000 ఏళ్లకి పూర్వమే మట్టితో చిన్న చిన్న శంకువులు చేసి, వాటి మొదళ్లకి ఎరుపూ నలుపూ తెలుపూ రంగులు వేసి, తడి గోడలో గుచ్చి చదరాలూ వంకర గీతలూ తీర్చారు. గ్రీసులోని పెల్లాలో గ్రీకులు ఏటి గులకరాళ్లతో వేట దృశ్యాలు పేర్చారు. చదరపు ముక్కలు కోసి పేర్చే పద్ధతి ఆ తర్వాతది.

ఇక నీ "ఖాళీ" సంగతి. రోమన్ల పనితనమున్న గచ్చు ఫోటో ఏదైనా దగ్గరగా చూడు. తెల్లని నేల మీద ఒక చేప ఉందనుకో. చేప చుట్టూ ఉన్న తెల్ల ముక్కలు మొదటి ఒకటి రెండు వరసలు చేప ఒంటి వంపుని పట్టుకునే తిరుగుతాయి. ఆ తర్వాతే తిన్నని వరసల్లో పడతాయి. బొమ్మ లేని చోట కూడా పనివాడు ఏ ముక్క ఎటు తిరగాలో ఆలోచించాడు. ఇటలీలోని రోమన్ల నాటి ఊరు పాంపేయీలో 1831లో బయటపడిన అలెగ్జాండర్ యుద్ధ చిత్రంలో దాదాపు 15 లక్షల ముక్కలున్నాయని అంచనా. అలెగ్జాండర్ కళ్లూ, పర్షియా రాజు డేరియస్ చాచిన చెయ్యీ అందరూ చూస్తారు. వాళ్ల వెనక మోడువారిన చెట్టొకటీ, అంతా పరుచుకున్న లేత రంగు ఆకాశమూ ఉన్నాయి. ఆ ఆకాశంలో ప్రతి ముక్కనీ ఎవరో వంగి కూర్చుని వేలితో నొక్కారు. దాన్ని ఖాళీ అనగలవా?

మా అమ్మమ్మగారి వసారాలో పగిలిన పింగాణీ ముక్కలతో వేసిన గచ్చు ఉండేది. చిన్నప్పుడు దాని మీద బోర్లా పడుకుని నీలం పువ్వులున్న ముక్కలు ఏరి లెక్కపెట్టేవాణ్ణి. ఒకరోజు ఆవిడ తడిగుడ్డతో తుడుస్తూ, "పువ్వులు కాదురా, పువ్వుకీ పువ్వుకీ మధ్య సున్నం చూడు, అది ఊడితే పువ్వు కాలికి గుచ్చుకుంటుంది" అంది. అరవై ఏళ్లుగా నేను రాసినదంతా ఆ మాట పట్టుకునే రాశాను.

నా మొదటి పెద్ద కథలో ఒక ఆడమనిషి తెల్లవారుజామున తంపరలోకి, అంటే చిత్తడి నేలలోకి దిగి, మోకాలి లోతు నీళ్లలో తుంగ కోసుకుని, చాప అల్లి సంతకి తీసుకెళుతుంది. తుంగ కోసే ఘట్టం నాలుగు పుటలు. సంపాదకుడు ఆ నాలుగు పుటలూ కొట్టేసి, "ఇక్కడ ఏమీ జరగడం లేదు" అని మార్జిన్‌లో రాసి అచ్చు వేశాడు. చాప అమ్మడం మిగిలింది, చాప పుట్టిన నీళ్లు పోయాయి. అప్పట్లో రోజూ రెండు బస్సులు మారి ఉద్యోగానికి వెళ్లేవాణ్ణి. ఆ నాలుగు పుటలూ బస్సులో నిలబడి, తొమ్మిది నెలలు రాసినవి. ఆయనని నేను ఈనాటికీ క్షమించలేదు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకా ఘోరం. డ్రోన్ ఎగరేసి, "పచ్చని తివాచీ పరిచినట్టు" అన్న వాక్యంతో మొదలుపెడతారు. పైనుంచి చూస్తే పాము కనపడదు, బురద వాసన రాదు.

పైనుంచి చూసే చూపు కాగితాల మీదికి ఎక్కితే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లాకి తెలుసు. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలలో జనం చేపలు పట్టుకున్నారు, దాని నీటితో పంటలు పండించారు. విద్యుత్ కేంద్రం కోసం అదే బీలని పనికిరాని భూమిగా చూపించారు. ఎదిరించినవాళ్ల మీద 2010 జూలై 14న పోలీసులు జరిపిన కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. "ఖాళీ" అన్న మాట బరువు అంత. నువ్వు ఆ మాటని ఎంత తేలిగ్గా రాసేశావమ్మా!

నీ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా నువ్వు చూడలేదు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. గచ్చులో ఎర్రరాయి పక్కరాయికి ఏమీ ఇవ్వదు. వాటిని కలిపేది మన కన్ను. నేల మీద తునకలు ఒకదాన్నొకటి పోషించుకుంటాయి. తేలినీలాపురం సంగతి తీసుకో. గూడకొంగలూ ఎర్రకాళ్ల కొంగలూ ఏటా వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలకి పెట్టే చేప నౌపడ తంపర నుంచి తెస్తాయి. చెట్టుకి కంచె వేసి, బోర్డు పెట్టి, తంపరని పూడ్చేస్తే మిగిలేది పుల్లల గూళ్లు. చెట్టు ఒక తునక, తంపర ఒక తునక, రెంటికీ మధ్య గాలిలో కొంగ ఎగిరే దారి ఒక నడవ. ఇంత కథ మీ ఊరికి బస్సు దూరంలో పెట్టుకుని, ఇటలీలోని రవెన్నా చర్చిల బంగారు గాజు ముక్కల మీద రెండు పుటలు ఖర్చు చేశావు. అవి అందమైనవే, కాదనను. వెలుగు పట్టడానికి ఒక్కో ముక్కనీ కాస్త వాలుగా అద్దారన్న వాక్యం ఒక్కటీ ఉంచుకుని తక్కినవి తీసెయ్యి.

వ్యాసానికి పేరు సూచించమన్నావు, ముందుమాట అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ఈ వారంలో నౌపడ వెళ్లు. పొద్దు పొడవక ముందే తంపర గట్టు మీద కూర్చుని, చీకటి పడేదాకా ఉండు. ఎవరు దిగారు, ఏ పిట్ట వాలింది, ఏది ఎటు ఎగిరింది, ఎవరి గంపలో ఏముంది, అన్నీ రాసుకో. మంచినీళ్లు తీసుకెళ్లడం మరిచిపోకు. కొంగలు ఇంకా వెళ్లిపోలేదు. వచ్చాక మూడో పుట ఒక్కటీ తిరగరాసి పంపు. మిగతా పుటలు నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఆశీస్సులతో