మాలంలో కింద చూసి నడవండి

అమ్మా శ్రావణీ,

వచ్చే ఆదివారం వదినగారినీ పిల్లలిద్దరినీ తీసుకుని ఇంగ్లండ్ యార్క్‌షైర్ కొండల్లోని మాలం ఊరికి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చినుకు పడితే గడప దాటని దానివి, అత్తగారిని వెంటబెట్టుకుని కొండెక్కుతానన్నావంటే ఎంత ముచ్చటేసిందో! ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ పైనున్న బండలు కళ్ళ ముందుకొచ్చాయి. అందుకే ఈ ఉత్తరం. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. కెమెరా పట్టుకునేది ఆయనే కదా.

లీడ్స్ నుంచి కారులో గంటంబావు. ఊరి మొదట్లోనే నేషనల్ పార్క్ వాళ్ళ కార్ పార్క్ ఉంది, ఎండ కాసిన ఆదివారం తొందరగా నిండిపోతుంది, పదిలోపు చేరండి. పిల్లల్ని అక్కడే టాయిలెట్‌కి పంపు. సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకో. కింద ఎండగా ఉన్నా పైన గాలి కోసేస్తుంది, తలా ఒక రెయిన్ కోటు తప్పనిసరి. పులిహోర చాలు, పెరుగన్నం డబ్బాలు వద్దు, ఒలికితే ఆ సంచి రోజంతా నువ్వే మోయాలి.

చుట్టు మొత్తం 8 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చాలామంది జానెట్స్ ఫాస్ అనే చిన్న జలపాతం నుంచి మొదలుపెట్టి చివర్లో మాలం కోవ్ అనే రాతి కొండ మెట్లు దిగుతారు. మీరు తిరగేసి వెళ్ళండి. ఆ మెట్లు దాదాపు 400. ఒకటి జానెడు ఎత్తుంటే ఇంకోటి మోకాలెత్తు, అంచులన్నీ అరిగిపోయాయి. ఎక్కేటప్పుడు ఆయాసమొస్తే కూర్చోవచ్చు. దిగేటప్పుడు బరువంతా మోకాళ్ళ మీదే. వదినగారి మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. సాయంత్రానికి అలిసిపోయిన పిల్లలు ఆ మెట్ల మీద పరుగందుకుంటే ఎవరు పట్టుకుంటారు? పొద్దున్నే ఎక్కేసి పైనున్న బండలు దాటేస్తే, మిగిలిందంతా పచ్చిక, రోడ్డు, వాగు గట్టు.

కోవ్ కింది దాకా బాట దాదాపు చదునే. 80 మీటర్ల సున్నపురాయి గోడ, దాని పాదం కింద నుంచి నిశ్శబ్దంగా వాగు బయటికొస్తుంది. మాలం టార్న్ చెరువు నుంచి పారే నీళ్ళు కొంత దూరం పోయి నేలలో ఇంకిపోతాయి. అవే ఇక్కడ తేలతాయని అందరూ అనుకుంటారు, కానీ అవి ఊరు దాటాక ఎయిర్ హెడ్ అనే ఊట దగ్గర పైకొస్తాయి. పెద్దాడికి ఈ ముడి చెప్పి చూడు, మెట్లెక్కేదాకా ప్రశ్నలు ఆపడు. మంచు యుగం చివర్లో ఆ గోడ మీంచి పెద్ద జలపాతం దూకేదట. 2015 డిసెంబరు 6న, తుఫాను వానలకి, మళ్ళీ కొన్ని గంటలు దూకింది. మే నెల కాబట్టి గోడ మీద పెరిగ్రిన్ డేగలు గూడు కట్టి ఉంటాయి, బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. మెట్లెక్కగానే రాతి పలకలు పరిచినట్టు మైదానం కనిపిస్తుంది. దూరానికి మన బేతంచెర్ల నాపరాళ్ళు పరిచిన వాకిలిలా ఉంటుంది. అక్కడే అందరూ చేసే తప్పు: వాకిలే అనుకుని నడవడం. అది నేల కాదమ్మా. వాన నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి, వేల ఏళ్ళుగా సున్నాన్ని కరిగించి చేసిన చీలికలవి. మన బెలుం గుహల్ని తొలిచింది కూడా ఈ నీటి పనే. బండకీ బండకీ మధ్య సందు ఒకచోట జానెడు, ఒకచోట మూరెడు. లోతు నడుము దాకా, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. లోపల నీడలో ఫెర్న్ ఆకులు పెరిగి పైదాకా వస్తాయి, వాటిని చూసి గడ్డే అనుకుని కాలు వేస్తారు. పాదం సందులో ఇరుక్కుంటుంది, ఒళ్ళు మాత్రం ముందుకే పోతుంది. చీలమండ విరిగేది అలాగే.

అందుకని అడుగు ఎప్పుడూ బండ నడిమధ్యే పడాలి. కొన్ని బండలు ఊగుతాయి, ముందు సగం బరువు వేసి చూడు. నడిచేటప్పుడు నడక, చూసేటప్పుడు చూపు. రెండూ ఒకేసారి వద్దు. చేతులు ఖాళీగా ఉండాలి. చిన్నదాన్ని చంకనెత్తుకోవద్దు, దాని కాళ్ళు అడ్డమై నీ పాదం నీకే కనబడదు. వీపున కట్టుకునే క్యారియర్‌లో అల్లుడుగారు మోయాలి. పెద్దాడు నీ ముందు నడవాలి, వెనక కాదు. గెంతనివ్వకు. వదినగారికి చెయ్యందించడం కాదు, ఆవిడే నీ భుజం పట్టుకుని నీ వెనక నీ అడుగులోనే అడుగేయాలి. చీరైతే కుచ్చిళ్ళు పైకి దోపుకోమను, చెప్పులు మాత్రం ససేమిరా వద్దు.

పైన అంచుకి రెయిలింగ్ లేదు. వెనక వైపు నుంచే దాటండి. ఫోటో కావాలంటే అందరూ కూర్చోండి, తీసేవాళ్ళు కూడా కూర్చునే తీయాలి. ఫోటో కోసం ఒక్కడుగు వెనక్కి వేసేవాళ్ళంటే నాకు గుండెదడ.

రాయి తడిసి ఉంటే ఇవేవీ పనికిరావు. వేలమంది నడిచి నడిచి ఆ బండలు నున్నబడిపోయాయి. వాకిట్లో కళ్ళాపి ఆరకముందే పరుగెత్తి గడ్డం చీల్చుకున్న నీకు వేరే చెప్పాలా? ఆ మచ్చ చూసినప్పుడల్లా మీ అమ్మ ఇప్పటికీ తననే తిట్టుకుంటుంది. శనివారం రాత్రి వాన పడితే ఆదివారం మెట్లెక్కొద్దు. కోవ్ కింద కాసేపు కూర్చుని ఊళ్ళోకి వచ్చి, జానెట్స్ ఫాస్‌కి వెళ్ళిరండి. ఊరి నుంచి రెండు కిలోమీటర్లు. దానికి చిన్నబుచ్చుకోవద్దు, ఆ కొండ మీ కోసం ఆగుతుంది.

పొడిగా ఉండి పైనుంచి వెళ్తే, తర్వాత గోర్‌డేల్ స్కార్ అనే ఇరుకు లోయ. రెండు గోడల మధ్య జలపాతం దాకా వెళ్ళి వెనక్కి తిరగండి. కుర్రాళ్ళు ఆ నీళ్ళ పక్క రాయెక్కుతుంటారు, పెద్దాడు మారాం చేస్తాడు, వినకు. జానెట్స్ ఫాస్ అడవిలో ఈ నెలంతా అడవి వెల్లుల్లి తెల్లగా పూసి, తాలింపు వాసనేస్తుంది, వదినగారికి నచ్చుతుంది. దారిలో దూడలున్న ఆవులు కనబడితే మధ్యలోంచి పోవద్దు, దూరంగా చుట్టి వెళ్ళండి. తీసిన గేటు వేసి రావాలి. రాతి ముక్కలు జేబులో వేసుకోనివ్వకు, ఆ బండలకి చట్టరక్షణ ఉంది.

ఎవరికైనా కాలికి దెబ్బ తగిలితే కదపొద్దు, కోటు కప్పి 999కి ఫోన్ చేసి పోలీసునీ, వాళ్ళ ద్వారా మౌంటెన్ రెస్క్యూనీ అడగండి.

వదినగారి పాదం సైజెంతో కనుక్కుని మెసేజ్ పెట్టు. నా బూట్లు ఇంకో జత ఉన్నాయి, అడుగు గట్టిగానే ఉంది. సరిపోతాయంటే బుధవారమే పోస్టు చేస్తాను, రెండు రోజులు ఇంట్లో వేసుకుని తిరగమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ