911కు ఫోన్ చేస్తే పోలీసులు కాల్చేస్తారా? కాలిఫోర్నియా చట్టం ఏమంటుంది

సందేహం: ఫ్రీమాంట్‌లో నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మాలో ఒకతను కొన్ని వారాలుగా సరిగా నిద్రపోవడం లేదు, తనలో తానే మాట్లాడుకుంటున్నాడు. పరిస్థితి చేయి దాటితే అత్యవసర నంబరు 911కు చెప్పాలా? వచ్చినవాళ్లు తుపాకీ తీస్తే?

జవాబు: ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే 911కే చేయండి, తటపటాయించొద్దు. చేతిలో ఆయుధం లేదు, ఎవరి మీదికీ రావడం లేదు, మనిషే బాగోలేదు అనుకుంటే ముందు 988కి చేయండి. 2022 జులై నుంచి దేశమంతా పనిచేస్తున్న నంబరది. మానసిక సంక్షోభంలో ఉన్నవారితో మాట్లాడే శిక్షణ ఉన్నవాళ్లు ఎత్తుతారు.

ఇక మీ భయం సంగతి. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఏబీ 392 అనే రాష్ట్ర చట్టం ఇక్కడి శిక్షాస్మృతిలోని 835ఏ సెక్షన్‌ను మార్చింది. అసెంబ్లీలో ఆ బిల్లు పెట్టినది షర్లీ వెబర్. పోలీసు ప్రాణాంతక బలం వాడాలంటే, సాధారణంగా తనకో ఇంకొకరికో అప్పటికప్పుడు చావు లేదా తీవ్ర గాయం తప్పదన్న పరిస్థితిలో అది ‘అవసరం’ అని సహేతుకంగా నమ్మి ఉండాలి. మీకు ముఖ్యమైన మాట ఇంకొకటుంది: మనిషి తనకు తానే హాని చేసుకునేలా ఉన్నాడు తప్ప ఇతరులకు అప్పటికప్పుడు ముప్పు లేదంటే, ఆ కారణంతో కాల్చకూడదు. అయితే అదే మనిషి కూరగాయల కత్తి పట్టుకుని ఎదుటివారి మీదికి వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. వెనక్కి తగ్గి తీరాలన్న నియమం కూడా పోలీసుకు లేదు.

పోలీసు నమ్మకం సహేతుకమేనా అని తేల్చేటప్పుడు ఆ క్షణానికి అతనికి తెలిసినవన్నీ చూస్తారు. మీరు ఫోన్‌లో చెప్పిందీ అందులో భాగమే. త్వరగా వస్తారని ‘మమ్మల్ని చంపేస్తాడు’ అని పెంచి చెబితే, వాళ్లు ఆ బొమ్మ మనసులో పెట్టుకునే తలుపు దగ్గరికి వస్తారు. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. ఉన్నదున్నట్టు చెప్పండి: ఇంటి నంబరు, గేటు కోడ్, లోపల ఎంతమంది, అతని చేతిలో ఏముంది, తుపాకీ లేదని మీకు నిశ్చయంగా తెలిస్తే ఆ మాట, జబ్బు పేరు, మందులు మానేశాడా, ఏ భాష బాగా వచ్చు. సంక్షోభ శిక్షణ ఉన్న ఆఫీసర్‌ను, అంటే ‘సీఐటీ ఆఫీసర్’ను, పంపమని అడగండి. మీకు ఇంగ్లీషు తడబడితే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ అనండి.

వాళ్లు వచ్చేసరికి మిగతావాళ్లు బయటికి వచ్చి, ఖాళీ చేతులు కనబడేలా నిలబడాలి. అతణ్ని పట్టుకుని పెనుగులాడొద్దు, అడ్డం పడొద్దు. ఒక్కరే మాట్లాడండి. వంట మధ్యలో ఉంటే కత్తి కింద పెట్టాకే తలుపు తీయండి.

అమ్మానాన్నలు వస్తుంటే ఈ మాట వాళ్లకూ చెప్పాలి. 2015లో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో కొడుకు ఇంటికొచ్చిన గుజరాతీ పెద్దాయన ఉదయం వీధిలో నడుస్తున్నారు. ఇంగ్లీషు రాదని చెప్పారు. పోలీసు నేలకు పడేస్తే పక్షవాతం వచ్చింది. పెద్దవాళ్ల జేబులో మీ నంబరు, చిరునామా రాసిన కార్డు పెట్టండి. పిలిస్తే ఆగాలి, జేబులో చెయ్యి పెట్టకూడదు, ఆఫీసర్ భుజం మీద చెయ్యి వేయకూడదు అని ఒకసారి చేసి చూపించండి. కారు ఆపినప్పుడూ అంతే. ఊళ్లోలా దిగి ఎదురెళ్లకండి. చేతులు స్టీరింగ్ మీద ఉంచి, కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి తీయండి. 2024 నుంచి ఎందుకు ఆపారో ఆఫీసరే ముందు చెప్పాలి.

మీ ఊరి పోలీసుల పాలసీ కూడా చదవండి. ఎస్‌బీ 230 అనే మరో రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి శాఖకూ బలప్రయోగ పాలసీ ఉండాలి. వీలైనచోట మాటలతో చల్లార్చడం, తోటి ఆఫీసర్ హద్దు మీరితే ఆపడం, గాయపడ్డవారికి వైద్యం అందించడం అందులో ఉండి తీరాలి. వెబ్‌సైట్‌లో ‘పాలసీ మాన్యువల్’ తెరవండి. చాలా ఊళ్లలో ఇది 300వ అంశంగా ఉంటుంది. ఇవన్నీ ఊరి, కౌంటీ, రాష్ట్ర పోలీసులకే. ఇమ్మిగ్రేషన్ అధికారుల్లాంటి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) వాళ్లకు వేరే నియమాలున్నాయి.

జరగరానిది జరిగితే గాయాలను ఆ రోజే ఫొటో తీయించి, ఆసుపత్రి కాగితాలు దాచండి. కాల్పులు జరిగినా, ప్రాణం పోయినా, తీవ్రంగా గాయపడినా బాడీ కెమెరా వీడియోను సాధారణంగా 45 రోజుల్లో బయటపెట్టాలి. దర్యాప్తు దెబ్బతింటుందని చూపిస్తేనే ఇంకా ఆపొచ్చు. పోలీసు కాల్పుల్లో నిరాయుధుడు చనిపోతే రాష్ట్ర అటార్నీ జనరల్ దర్యాప్తు చేస్తారు. చేతిలో కత్తి ఉంటే చాలాసార్లు ఆ దారి మూసుకుపోతుంది. గాయానికి గానీ మరణానికి గానీ రాష్ట్ర చట్టం కింద నష్టపరిహారం అడగాలంటే 6 నెలల్లోపు సిటీకి లేదా కౌంటీకి రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వాలి. పోలీసు శాఖలో ఇచ్చిన ఫిర్యాదు దానికి బదులు కాదు. దుఃఖంలో ఉన్న కుటుంబాలకు తెలియకుండానే ఆ 6 నెలలు గడిచిపోతాయి కాబట్టి, మొదటి వారంలోనే లాయర్‌ను కలవండి.