వెచ్చని దేశంలో ఇంటి చెట్టు: కొత్తగా ఇల్లు కొన్నవారికి

ఇల్లు కొన్న తొలి వేసవికే పెరడంతా నీడ పరుచుకోవాలన్న తొందరలో, వెచ్చని విదేశాలలో స్థిరపడిన మనవాళ్లు చాలామంది నర్సరీలో అన్నిటికన్నా ఎత్తుగా కనిపించిన మొక్కను, అది ఏ జాతిదో కూడా అడగకుండా తెచ్చి నాటుతారు. నేనూ అదే చేశాను. ఎనిమిదేళ్లు బాగానే పెరిగిన ఆ చెట్టు తొమ్మిదో ఏట నిలువునా ఎండిపోయింది. మొదలు తవ్వి చూస్తే, కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను నేను విడదీయకుండా పాతిపెట్టడం వల్ల, అవే లావెక్కి కాండానికి ఉరి బిగించాయని తెలిసింది. మనుమల కాలానికి నీడనివ్వాలనుకున్న చెట్టు భవిష్యత్తు చాలావరకు నాటిన రోజునే తేలిపోతుంది.

గొయ్యి వేరుగడ్డకన్నా రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉండాలి గాని లోతు మాత్రం వేరుగడ్డను మించకూడదు. కాండం కిందికి దిగి వేళ్లుగా విచ్చుకునే చోటు నేలమట్టానికి పైన కనబడుతూ ఉండాలి. కుండీలో పెరిగిన మొక్కలలో అది తరచు మట్టి కింద దాగి ఉంటుంది కాబట్టి, పైమట్టిని చేతివేళ్లతో గీకి వెతికిన తరువాతే లోతు నిర్ణయించుకోండి. చుట్టుకున్న వేళ్లను చాపండి, చాచడానికి లొంగనివాటిని కత్తిరించండి. ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాలలో వేసవి తగ్గాక నాటితే, మళ్లీ ఎండలు ముదిరేలోగా వేళ్లు నేలలో కుదురుకుంటాయి.

చెక్కపొట్టును 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరచండి, కానీ కాండాన్ని తాకనివ్వకండి. మొదలు చుట్టూ కుప్పగా పోస్తే అక్కడ తేమ నిలిచి బెరడు కుళ్లుతుంది. రోజూ చెంబుడు నీళ్లు చల్లడం ప్రేమగా కనిపిస్తుందే తప్ప, వేళ్లు పైపొరలోనే ఉండిపోయి మొదటి కరువుకే చెట్టు వాడిపోతుంది. ఎడం ఇచ్చి, ప్రతిసారీ లోతుగా తడిసేలా పెట్టండి. రెండు మూడేళ్ల తరువాత ఎడం పెంచుకుంటూ పోవచ్చు. పచ్చిక కోసే యంత్రం మొదలుకు తగలకుండా చూడటం కూడా ఇంత ముఖ్యమే.

ఏ చెట్టు నాటాలన్నది మనవారికి కాస్త నొప్పి కలిగించే ప్రశ్న. మనం దైవంగా చూసే వేపను ఉత్తర ఆస్ట్రేలియాలో కలుపు జాతిగా ప్రకటించారు, ఎందుకంటే అది అక్కడి నదీతీరాల అడవులలోకి పాకి స్థానిక మొక్కలను తోసేస్తోంది. ఇష్టంగా పెంచుకునే కరివేపాకు మీద, నిమ్మ, నారింజ జాతులను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు బతుకుతుంది. ఫ్లోరిడాలో 2005లో బయటపడిన ఆ తెగులుకు నేటికీ మందు లేదు. అందుచేత ఊరి నుంచి విత్తనాలను, కొమ్మలను సూట్‌కేసులో దాచి తేవద్దు, కరివేపాకు కావలసినవారు స్థానిక వ్యవసాయ శాఖ అనుమతి ఉన్న నర్సరీలోనే కొనండి. పెద్ద చెట్టుగా మాత్రం ఆ ప్రాంతానికే చెందిన, నెమ్మదిగా ఎదిగే గట్టి కలప జాతిని ఎంచుకోండి. త్వరగా పెరిగే బ్రాడ్‌ఫర్డ్ పేర్ అనే అలంకార చెట్టు వంటివి ఇరవయ్యేళ్లు నిండీ నిండకముందే గాలికి చీలిపోతాయి.

చోటు విషయంలో ఒక హెచ్చరిక. మధ్యాహ్నం తరువాతి ఎండ పడమటి గోడను కాలుస్తుంది కాబట్టి నీడ అటువైపే అవసరం. అయితే భూమధ్యరేఖకు బాగా దిగువన ఉన్న దేశాలకు వెళ్లినవారికి సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు గనుక, దక్షిణపు ఎండ గురించి మనకున్న అలవాటు లెక్కలు అక్కడ తారుమారవుతాయి. వేళ్లు కొమ్మల అంచును దాటి చాలా దూరం పాకుతాయి కనుక, గోడకు, మురుగు గొట్టాలకు దూరంగా నాటండి. గొయ్యి తవ్వేముందు భూగర్భ తీగలు, గొట్టాలు ఎక్కడున్నాయో సంబంధిత సేవకు ఫోన్ చేసి గుర్తులు వేయించుకోండి, ఇళ్ల సంఘం ఉంటే దాని అనుమతీ తీసుకోండి.

చివరగా, చెట్టు జాతి, నాటిన తేదీ, డ్రిప్ గొట్టాలు నేల కింద ఎటు వెళ్లాయో తెలిపే చిన్న పటం ఒక నోటుపుస్తకంలో రాసి ఇంటి కాగితాలతో పాటు ఉంచండి. ఇల్లు మీ పిల్లలకే దక్కినా, తరువాత కొన్నవారికి చేరినా, పార దించేముందు వాళ్లకు అక్కరకొచ్చేది అదే.